వానాకాలం జెల్లీ చెప్పులు: కొనేముందు ఏం చూడాలి, వేటితో వేసుకోవాలి

1980ల్లో ఒక ఊపు ఊపిన జెల్లీ చెప్పులు, అంటే మెత్తటి పీవీసీ (ఒకరకం ప్లాస్టిక్) చెప్పులు, మళ్ళీ ఫ్యాషన్‌లోకి వచ్చాయి. జాలీ అల్లికతో ఫ్లాట్స్, అడ్డదిడ్డంగా అల్లుకున్న స్ట్రాప్‌లతో శాండల్స్ కోఠి, సుల్తాన్ బజార్, జనరల్ బజార్ వైపు వెతికితే దొరుకుతాయి. హైదరాబాద్ వానకు ఇంత పనికొచ్చే ఫ్యాషన్ ఈమధ్య ఇంకొకటి రాలేదు, చూసి కొంటే.

తోలు కాలికి తగ్గట్టు సాగుతుంది, పీవీసీ అంతగా సాగదు. దుకాణంలో నొక్కితే ఇంటికొచ్చాకా నొక్కుతుంది. అందుకే సాయంత్రం, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనండి. బొటనవేలి ముందు అర సెంటీమీటరు ఖాళీ ఉండాలి. మెట్టెలు పెట్టుకునేవాళ్ళు ముందు మూసి ఉన్న రకం జోలికి పోవద్దు, మెట్టె పక్క వేలిని ఒత్తేస్తుంది. లోపలి అంచు మీద వేలు పోనివ్వండి: అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట సన్నటి గీత పొడుచుకొని ఉంటే మడమ గీసుకుపోతుంది. గోళ్ళు రుద్దే ఫైలుతో మెల్లగా రుద్దితే నున్నబడుతుంది.

అసలు ప్రమాదం జారడం. నీళ్ళు జెల్లీని పాడుచేయవు, నిజమే. కానీ అడుగు నున్నగా ఉంటే మెట్రో స్టేషన్లో తడిసిన గ్రానైట్ మీద పట్టు దొరకదు. అడుగున కనీసం 2 మిల్లీమీటర్ల లోతు గాడులు ఉండాలి, నీళ్ళు పోయేలా అవి పక్కలకు తెరుచుకొని ఉండాలి. మడమ వెనక స్ట్రాప్ తప్పనిసరి. హీల్ కావాలంటే అంగుళం, అంగుళన్నర ఎత్తున్న వెడల్పాటి బ్లాక్ హీల్ చాలు. తర్వాత రబ్బరు సోలు వేయిద్దాంలే అనుకోవద్దు: పీవీసీని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం చెప్పులు అతికించే మామూలు సొల్యూషన్‌ను వదులు చేసేస్తుంది. వేయించాల్సే వస్తే పీయూ (పాలీయూరితేన్) గమ్ము ఉందేమో అడగండి.

ఇక బట్టలు. చీలమండకు 2 అంగుళాల పైన ఆగే స్ట్రెయిట్ ప్యాంటు, మోకాళ్ళ దాకా కాటన్ కుర్తా వేస్తే చెప్పూ కనబడుతుంది, అంచూ తడవదు. పలాజో వద్దు, అంచు పీల్చిన నీళ్ళు పిక్కల దాకా ఎక్కుతాయి. చీరైతే చెప్పులు తొడుక్కున్నాకే కుచ్చిళ్ళు దోపుకోండి, అంచు చీలమండ దగ్గర ఆగాలి, లంగా ఇంకో అంగుళం పైకి. జార్జెట్ త్వరగా ఆరుతుంది. మంగళగిరి కాటన్ తడిస్తే బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది.

పూర్తి పారదర్శకమైనవి ఫోటోలో బాగుంటాయి, వానలో లోపలి చెమటా బురదా అన్నీ కనిపిస్తాయి. టీ రంగు, పొగ రంగు, ముదురు మెరూన్ తీసుకోండి. లేత రంగు జెల్లీతో కొత్త నీలం జీన్స్ వేయొద్దు, రంగు పీవీసీలోకి ఇంకితే ఏ సబ్బుకూ పోదు. పలచటి సాక్సు మీద జెల్లీ వేయడం ఇప్పుడు నడుస్తోంది. ఆ సాక్సు బ్యాగులో పెట్టుకెళ్ళి ఆఫీసులో తొడగండి, తడిసినదానితో రోజంతా ఉంటే వేళ్ళ సందులు పాచిపోతాయి.

ఇంటికి రాగానే కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టండి. ఎండకు పసుపెక్కి గట్టిపడతాయి. స్టాండులో ఇంకో ప్లాస్టిక్ జతకు ఆనించి నెలల తరబడి ఉంచితే ఒకదాని రంగు ఇంకొకదానికి దిగుతుంది. మధ్యలో పాత తెల్ల కాటన్ గుడ్డ పెట్టండి. న్యూస్‌పేపర్ పెడితే దాని సిరా చెప్పుకు అంటుకుంటుంది.