600 ఏళ్ళ తర్వాతి లోకం: నా నవల రెండో భాగం ఎక్కడిదాకా వచ్చిందంటే

రెండో భాగం డ్రాఫ్ట్ అయిపోయింది. మొదటి భాగంతో కలిపి 60 వేల పదాలు దాటింది, మూడోది 25 వేలల్లో ముగించాలని నా లెక్క. కథ జరిగేది 2620ల్లో, అంటే కరెంటూ ఆస్పత్రులూ ప్రభుత్వాలూ అన్నీ పోయి దాదాపు 600 ఏళ్ళు గడిచాక. అంత దూరం ఎందుకంటే, అంతా కూలిన కొత్తలో జరిగే కథలో పాత్రలకి పోయినవాటి మీద బెంగ ఉంటుంది, కథంతా ఆ బెంగ చుట్టూనే తిరుగుతుంది. 600 ఏళ్ళు దాటాక ఏదో పోయిందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు, పుట్టినప్పట్నించీ చూస్తున్నదే లోకం. మిగిలిన కాస్త చదువుని గుప్పిట్లో పెట్టుకుని ఊరంతటినీ ఆడించే మనుషులు అక్కడ పుడతారు. శిథిలాల కంటే నాకు వాళ్ళని తలుచుకుంటేనే భయం వేస్తుంది. నవలంతా వాళ్ళ గురించే.

ముందు లోకం సంగతి. ఇలాంటి కథల బొమ్మల్లో ఎప్పుడూ కనిపించే ఎత్తయిన భవనాల అస్థిపంజరాలు నా నవల్లో లేవు. గాల్లోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ళ తరబడి కాంక్రీటులోకి ఇంకుతూ, లోపలి ఉక్కు చువ్వకి తుప్పు పట్టకుండా కాపాడే క్షారగుణాన్ని తగ్గించేస్తుంది, తేమ తోడైతే చువ్వ తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటుని లోపల్నించే పగలగొడుతుంది. మరమ్మతు చేసే నాథుడు లేకపోతే అలాంటి కట్టడం 600 ఏళ్ళు ఎక్కడ నిలుస్తుంది? రోమ్‌లోని పాత గుడి పాంథియన్ కాంక్రీటు గుమ్మటం దాదాపు 1,900 ఏళ్ళుగా నిలబడిందంటే అందులో ఉక్కు చువ్వలు లేకపోవడం ఒక పెద్ద కారణం. కాబట్టి నా లోకంలో నగరాలంటే చెట్లు మొలిచిన దిబ్బలు.

ఆ దిబ్బల్ని తవ్వుకునే జనానికి బాగా దొరికేది అల్యూమినియం. దాని పైన తనంతట తనే ఏర్పడే సన్నటి ఆక్సైడ్ పొర దాన్ని కాపాడుతుంది, పైగా 660 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి బొగ్గుల కొలిమీ తోలు తిత్తీ ఉంటే చాలు. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీలు కావాలి. చిక్కు ఎక్కడంటే, ఖనిజం నుంచి కొత్త అల్యూమినియం తీయడానికి బోలెడంత కరెంటు కావాలి, అది వాళ్ళకి లేదు. ఉన్నదాన్నే కరిగించి వాడుకోవాలి, కరిగించిన ప్రతిసారీ కొంత మడ్డిగా పోతుంది. గిన్నెలూ గంటెలూ నాగలి పిడులూ అన్నీ దాంతోనే చేసుకునే ఊళ్ళో ఆ సరుకు తరానికింత తరిగిపోతూ ఉంటే, దిబ్బ మీద హక్కు ఎవరిది అన్నదే రాజకీయం. మొదటి భాగంలో గొడవలన్నీ ఇక్కడినించే పుట్టాయి, నేను కావాలని ఒక్క గొడవా పెట్టాల్సిన అవసరం రాలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రేడియేషన్ అడవులు పెట్టలేదు, సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం అర్ధాయువు (సగానికి తరగడానికి పట్టే కాలం) 30 ఏళ్ళు, 600 ఏళ్ళంటే ఇరవై అర్ధాయువులు, మిగిలేది పది లక్షల్లో ఒక వంతు. (ప్లుటోనియం-239 సంగతి వేరు, దానికి 24 వేల ఏళ్ళు, అందుకని ఒకే ఒక్క చోటుని ఎవరూ అడుగుపెట్టని లోయగా ఉంచాను.) తట్టు లాంటి జబ్బు ఆగకుండా తిరగాలంటే రెండు మూడు లక్షల జనమైనా ఒకచోట ఉండాలి, ఎనిమిది వేల మంది ఊళ్ళో అది నిలవదు. అందుకే అంటువ్యాధి ఘట్టానికి ఆంత్రాక్స్ తీసుకున్నాను, అది పశువుల నుంచి వస్తుంది, దాని బీజాలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. ధ్రువ నక్షత్రం కూడా అప్పటికి ఉత్తర ధ్రువానికి సుమారు మూడు డిగ్రీలు పక్కకి జరిగి ఉంటుంది, అంటే ఆరు పున్నమి చంద్రుల్ని పక్కపక్కన పెట్టినంత దూరం, కాబట్టి నా పాత్రల ధ్రువుడు కదలనివాడు కాదు, రాత్రంతా చిన్న సున్నాలో దాదాపు సగం చుడతాడు.

ఇక అసలు విషయం, లెక్కపెద్దలు. ఊళ్ళో తేదీ చెప్పే హక్కు వాళ్ళకొక్కళ్ళకే ఉంది. గింజల వాటా ఏ రోజు ఇవ్వాలో, దిబ్బ తవ్వే వంతు ఎవరిది ఏ రోజో, ఏ బిడ్డ ఏ రోజు పుట్టినట్టో వాళ్ళే చెప్తారు. ఎవరైనా సొంతంగా రోజులు లెక్కపెట్టడం నేరం, గోడ మీద వరసగా గీతలు కనిపిస్తే ఆ ఇంటివాళ్ళకి ఆ ఏడాది వాటా ఉండదు. వాళ్ళ శాస్త్రమంతా ఏ పిల్లాడి పాఠ్యపుస్తకంలోదో ఒక చిరిగిన పేజీ, దాని మీద నాలుగేళ్ళకోసారి లీపు సంవత్సరం అని మాత్రమే ఉంది. వందతో భాగించబడి 400తో భాగించబడని ఏళ్ళు లీపు కావు అన్న రెండో వాక్యం చిరిగిపోయింది. దాంతో 2100, 2200, 2300, 2500 ఏళ్ళల్లో వాళ్ళు ఒక్కో రోజు ఎక్కువ కలిపారు, 2620ల నాటికి క్యాలెండర్ నాలుగు రోజులు వెనకబడింది. జరగని విషయమేం కాదు, ఇదే తేడా పేరుకుపోయి 1582లో అక్టోబర్ 4 మర్నాడు అక్టోబర్ 15 అని పెట్టుకోవాల్సి వచ్చింది.

ఈ తేడాని రేగి అనే పాత్ర కనిపెట్టే ఘట్టమే రెండో భాగానికి గుండెకాయ, బాగా కష్టపడి రాశాను. ఊరి తూర్పున పూర్వీకులు పాతిన రాయి ఉంది, పగలూ రాత్రీ సమానమయ్యే రోజున సూర్యుడు సరిగ్గా దాని వెనక లేవాలి. మార్చిలో ఆ రోజుల్లో సూర్యుడు రోజుకి 0.4 డిగ్రీ చొప్పున ఉత్తరానికి జరుగుతాడు, లెక్కపెద్దలు ఆ రోజని చెప్పేసరికి అసలు రోజు దాటి నాలుగు రోజులవుతుంది కాబట్టి 1.6 డిగ్రీలు, అంటే సూర్యబింబం వెడల్పుకి మూడు రెట్లు. చెయ్యి పూర్తిగా చాపి చూస్తే చిటికెన వేలు వెడల్పు దాదాపు ఒక డిగ్రీ ఉంటుంది. రేగి చేతిలో అంతకంటే పరికరం లేదు. ఒక కన్ను మూసి, రాయి అంచున వేలు ఆనించి, వేలున్నర అవతల ఎర్రటి అంచు పైకి రావడం చూస్తుంది. నేనూ తెల్లారుజామున చెయ్యి చాపి నిలబడి చూశాకే ఆ పేరా రాశాను, వేలు ఎంత వణుకుతుందో, అంచు కనిపించిన క్షణంలోనే ఎందుకు కొలవాలో (ఆ తర్వాత కళ్ళు చెదిరిపోతాయి, చూడకూడదు కూడా) అప్పుడే తెలిసింది.

నాలుగు రోజుల తేడాకి పంటేం పోదు. పోయేది లెక్కపెద్దల మాట, అదే వాళ్ళకి ప్రాణం.

భాష విషయంలో రెండు పనులు బాగా కలిసొచ్చాయి. పోతనకీ మనకీ మధ్య దూరం ఐదారు వందల ఏళ్ళే, అయినా ఆయన పద్యం మన చెవికి అందుతుంది, కాబట్టి కొత్త భాష కనిపెట్టే పని పెట్టుకోకుండా మామూలు తెలుగులోనే మాట్లాడించాను. లెక్కపెద్దలు మాత్రం పూజలో "ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా" అని చదువుతారు, అర్థం వాళ్ళకీ తెలీదు. రెండోది నిషేధ పదాల ఫైల్. నిమిషం, సెకను, కిలోమీటరు, షాక్ తిన్నట్టు, రైలు పెట్టెల్లా, ఇలా పాత్రకి తెలియని ప్రతి మాటా అందులో ఉంటుంది, అధ్యాయం అవగానే ఒక్కోటీ వెతుకుతాను. తెలుగులో వెతికేటప్పుడు పూర్తి పదం కొడితే లాభం లేదు, నిమిషాల, నిమిషానికి అన్నీ దొరకాలంటే "నిమిష" వరకే కొట్టాలి. "గంట" అని కొడితే గంటెలు కూడా వచ్చిపడతాయి, ఓపిగ్గా చూసుకోవాల్సిందే. ఏ ఏట ఎవరికి ఎంత వయసు, ఆ రోజు అసలు తేదీ ఏది, లెక్కపెద్దల తేదీ ఏది అన్నవి స్ప్రెడ్‌షీట్‌లో పక్కపక్క కాలమ్స్‌లో ఉన్నాయి, అది లేకుండా ఈ కథ రాయడం నా వల్ల కాదు.

మూడో భాగం మొదటి అధ్యాయం ఇప్పుడు టేబుల్ మీద ఉంది. తేడా ఉందని పెద్ద లెక్కపెద్దకి ముందే తెలుసు, అతను క్యాలెండర్ని దిద్దడు, రాయినే జరిపిస్తాడు. చూసే గట్టు నుంచి రాయి 100 మీటర్ల దూరంలో ఉందనుకుంటే 1.6 డిగ్రీలకి 2.8 మీటర్లు జరపాలి. ఒకటిన్నర మీటర్ల ఎత్తు, అర మీటరు వెడల్పు, అర మీటరు మందం ఉన్న గ్రానైట్ రాయి దాదాపు ఒక టన్ను తూగుతుంది. ఒక్క రాత్రిలో దాన్ని పెకిలించి, దుంగల మీద దొర్లించి, మళ్ళీ పాతి, పాత గుంత పూడ్చాలంటే పది పదిహేను మందయినా కావాలి. వాళ్ళల్లో ఒకడు రేగి వాళ్ళ అన్న. అధ్యాయం అతని వైపు నుంచి రాస్తున్నాను.