గుర్రుమనని కుక్క

మా ఇంటికి కాటుక వచ్చిన కొత్తలో చూసినవాళ్లంతా ఒకే మాట అనేవాళ్లు: "ఎంత బుద్ధిగా ఉందో!" మొరగదు, మీద పడదు, ఎవరు తల నిమిరినా కదలదు. పక్కింటి చిన్నవాడు చెవి పట్టుకుని లాగినా ఊరుకుంది. ఆ మెచ్చుకోలు నాకు మింగుడుపడేది కాదు. పదవీ విరమణ దాకా బడిలో పనిచేసినదాన్ని. తరగతి గది నిశ్శబ్దంగా ఉందంటే పిల్లలు పాఠంలో మునిగిపోయి ఉండవచ్చు, బెత్తం చూసి బిక్కచచ్చిపోయి ఉండవచ్చు. గుమ్మంలోంచి తొంగిచూసి వెళ్లిపోయే తనిఖీ అధికారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

కాటుకది రెండో రకం నిశ్శబ్దం. దాన్ని మాకు ఇచ్చినవాళ్లు ఆ సంగతి కాస్త గర్వంగానే చెప్పారు. "మొదట్లో గుర్రుమనేదండీ. వెల్లకిలా పడేసి, గొంతు మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకుంటే దారికొచ్చింది. ఇంట్లో పెద్ద ఎవరో దానికి తెలియాలి కదా!" వాళ్లు క్రూరులేమీ కారు. ఎవరో శిక్షకుడు చెప్పినట్టు చేశారు.

ఆ 'పెద్ద' కథ తోడేళ్ల దగ్గర మొదలైంది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త జంతు ప్రదర్శనశాలలో బంధించి ఉంచిన తోడేళ్లను గమనించి, వాటి మధ్య ఆధిపత్య పోరు గురించి రాశాడు. 1970లో అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ మెచ్ తన పుస్తకంలో ఆ భావాన్ని వాడాక అది జనంలోకి వెళ్లింది. తర్వాత అదే మెచ్ అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను చూసి, 1999లో ఒక పరిశోధన పత్రంలో వేరే మాట చెప్పాడు. అడవిలోని తోడేళ్ల గుంపు సాధారణంగా ఒక కుటుంబం. తల్లి, తండ్రి, వాటి పిల్లలు. పెత్తనం కోసం కుస్తీలు పట్టే సైన్యం కాదు. తన పాత పుస్తకం ఇక వేయవద్దని ప్రచురణకర్తను ఆయనే అడిగాడు. రాసినవాడే వెనక్కి తీసుకున్న మాటను కొందరు శిక్షకులు మాత్రం ఇంకా వదలలేదు. తోడేలు విషయంలోనే నిలవని సిద్ధాంతాన్ని తెచ్చి సోఫా కింద దాక్కున్న కుక్క గొంతు మీద పెట్టడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గుర్రుమనడమంటే తిరుగుబాటు కాదు, హెచ్చరిక. "ఇక దగ్గరికి రాకు, నాకు ఇబ్బందిగా ఉంది" అని మాటలు రాని జంతువు చెప్పగలిగే అత్యంత మర్యాదైన పద్ధతి. దానికి శిక్ష వేస్తే భయం పోదు, హెచ్చరిక పోతుంది. అలాంటి కుక్క ఒకనాడు కరిస్తే "ఉన్నట్టుండి కరిచింది" అంటారు. ఉన్నట్టుండి ఏమీ కాదు. మధ్య మెట్లన్నీ మనమే పీకేశాం.

ఆ మెట్లు గుర్రుమనడానికి చాలా ముందే మొదలవుతాయి. కాటుక గొంతు మూగబోయింది గాని ఒళ్లు మూగబోలేదు. దాని భాష నేర్చుకోవడానికి నాకు నెలలు పట్టింది. అన్నిటికంటే ముందు నోరు మూతపడుతుంది. హాయిగా ఉన్నప్పుడు దాని దవడ వదులుగా వేలాడుతుంది. ఇష్టం లేని మనిషి గదిలోకి రాగానే టక్కున మూసుకుంటుంది. తర్వాత తిండి ఏమీ లేకుండానే నాలుక బయటికి వచ్చి ముక్కును తాకి వెళ్తుంది. తల పక్కకు తిప్పుకుంటుంది గాని కన్ను మనిషి మీదే ఉంటుంది, అందువల్ల కంటి అంచున తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తుంది. ముందుకాలు ఒకటి కొంచెం పైకి లేస్తుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. చివరికి ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోతుంది. చూసేవాళ్లు "ఎంత బుద్ధిగా నిలబడిందో" అని మురిసిపోయేది సరిగ్గా ఆ ఘట్టంలోనే! ఇవన్నీ విడివిడిగా చూస్తే మోసపోతాం. పొద్దున లేచి ఆవలించే కుక్కకు నిజంగానే నిద్ర మత్తు. ఎక్కడ, ఎవరి ఎదుట, దేని తర్వాత ఆవలించిందన్నదే లెక్క. తోక ఊపడం కూడా అంతే. నడుం దాకా ఊగిపోతూ ఊపే తోక వేరు, నిటారుగా లేచి బిర్రుగా అదిరే తోక వేరు.

ఈ విషయంలో మా తమ్ముడితో నాకు ఎప్పుడూ వాదనే. వాడింట్లోనూ ఒక కుక్క ఉంది. "అక్కా, చెప్పు కొరికిందా, నన్ను చూడగానే తల దించుకుని మూలకు పోతుంది. తప్పు చేశానని దానికి తెలుసు" అంటాడు. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే కుక్కల ప్రవర్తన పరిశోధకురాలు ప్రచురించిన ప్రయోగం గురించి వాడికి చెప్పాను. 14 కుక్కల ముందు ఒక తినుబండారం పెట్టి, తినవద్దని చెప్పి యజమానులు గదిలోంచి బయటికి వెళ్లారు. తిరిగి వచ్చాక, కుక్క తినేసిందని పరిశోధకురాలు చెబితే తిట్టాలి, తినలేదంటే ప్రేమగా పలకరించాలి. అయితే వాళ్లకు చెప్పింది అన్నిసార్లూ నిజం కాదు. తేలింది ఏమిటంటే, ఆ 'దోషి చూపు' తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, తిట్టడాన్ని బట్టి వచ్చింది. ఏ పాపం ఎరుగకుండా తిట్లు తిన్న కుక్కల్లో మరీ ఎక్కువగా కనిపించింది. మా తమ్ముడు విని, "మావాడు వేరు" అన్నాడు. మావాడు వేరు అనే తల్లిదండ్రులను నేను సర్వీసులో చాలామందిని చూశాను.

కాటుకకు మేము చేసిన చికిత్స అంటూ పెద్దగా ఏమీ లేదు. దాని 'వద్దు'కు విలువ ఇచ్చాం, అంతే. కొంచెంసేపు నిమిరి చెయ్యి తీసేస్తాం. మళ్లీ తలతో తోసి అడిగితే కొనసాగిస్తాం, పక్కకు చూస్తే ఆపేస్తాం. గోడ వారగా దానికి ఒక పరుపు వేశాం. అది అక్కడ ఉన్నంతసేపు మనవలు సహా ఎవరూ దగ్గరికి వెళ్లకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. బయటికి తీసుకెళ్తే ఎంత దూరం నడిచామన్న లెక్క వదిలేసి, అది ఒక స్తంభాన్ని ఎంతసేపు వాసన చూస్తే నేను అంతసేపు నిలబడతాను. మా ఆయనకు ఇది మహా విసుగు. వ్యాయామం కోసం వస్తే స్తంభం దగ్గర కాపలా ఏమిటని ఆయన బాధ.

ఇంత చిన్న విషయాలు ఎందుకు పనిచేస్తాయో 1967 నాటి ఒక ప్రయోగం చెబుతుంది. చదవడానికి మనసు ఒప్పని ప్రయోగం అది. మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కుక్కలకు తప్పించుకోలేని విద్యుత్ షాకులు ఇచ్చారు. తర్వాత తప్పించుకునే దారి ఉన్న పెట్టెలో పెట్టినా వాటిలో చాలా కుక్కలు ప్రయత్నించలేదు, పడి ఉన్నాయి. నిస్సహాయతను అవి నేర్చుకున్నాయని వాళ్లు తేల్చారు. 2016లో ఆ ఇద్దరే మెదడు గురించి కొత్తగా తెలిసినదాన్ని చూసి, తాము తలకిందులుగా చెప్పామని రాశారు. ఆగని బాధలో చతికిలబడటం మెదడుకు సహజంగా ఉన్న స్పందనే. నేర్చుకోవలసింది, పరిస్థితి తన చేతిలో ఉందన్న సంగతి. కాటుక తల పక్కకు తిప్పడం, నా చెయ్యి ఆగడం. ఈ రెండింటికీ సంబంధం ఉందని అది నేర్చుకోవాలి. ముందుగా చెయ్యి ఆపాల్సింది మనమే.

రెండో ఏడు వానాకాలంలో ఒక సాయంత్రం, తడిసి వచ్చిన కాటుక వెనక కాళ్లు తుడుస్తుంటే అది గుర్రుమంది. సన్నగా, తన గొంతు తనకే కొత్తగా ఉన్నట్టు. మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నేను తువ్వాలు కింద పెట్టి, వెనక్కి జరిగి కూర్చున్నాను. కాటుక నన్ను చూసింది. ఏమీ జరగలేదు. వెళ్లి తన పరుపు మీద పడుకుంది. నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. కుక్క గుర్రుమంటే సంబరపడే మనిషిని మా ఆయన అప్పుడే మొదటిసారి చూశారట.

సంబరం సరే, కారణం వెతకాలి. ముందుకాళ్లు తుడిస్తే లేని కోపం వెనక కాళ్ల దగ్గర ఎందుకు? మర్నాడు పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాం. ఎక్స్‌రేలో తుంటి కీలు అరిగినట్టు తేలింది. మందులు, కొంచెం బరువు తగ్గించడం, నున్నటి గచ్చు మీద జారకుండా చాపలు. ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మిల్స్, ఆయన సహచరులు 2020లో రాసినదాని ప్రకారం, ప్రవర్తన బాగాలేదని తమ దగ్గరికి వచ్చే కుక్కల్లో తక్కువలో తక్కువ మూడో వంతుకు ఏదో ఒక నొప్పి ఉంటుంది. కాబట్టి మీ కుక్క స్వభావం హఠాత్తుగా మారితే శిక్షకుడికి ఫోను చేయకండి, ముందు వైద్యుడికి చూపించండి. కాటుక పాత అలవాటు ప్రకారం నోరు మూసుకుని ఉంటే, ఆ తుంటి నొప్పి మాకు ఎప్పుడు తెలిసేదో!

"మరి పిల్లల్ని కరిస్తే?" అని అడుగుతారు. అడగాల్సిందే. హెచ్చరికను గౌరవించడమంటే కుక్కను, పిల్లలను ఒక గదిలో వదిలేసి మనం టీవీ చూడటం కాదు. మా ఇంట్లో మనవలు ఉన్నన్ని రోజులు మధ్య తలుపుకు చిన్న గేటు ఉంటుంది. పెద్దవాళ్లు లేకుండా కాటుక దగ్గరికి ఎవరూ పోరు. చిన్న మనవడికి అయిదేళ్లు. "అమ్మమ్మా, అది మూతి నాక్కుంది, నేను వెళ్లిపోతున్నా" అని వాడే చెబుతాడు. అక్షరాలు ఇంకా సరిగ్గా రావు గాని ఇది మాత్రం తప్పులు లేకుండా చదువుతాడు.

ఇంకా తేలని వ్యవహారం గోళ్లది. కత్తెర చూస్తేనే కాటుక నోరు మూతపడుతుంది. ఒక గోరు కత్తిరించి ఆగుతాను. కాలు లాక్కుంటే ఆ పూటకు అంతే. ఇలా అన్ని కాళ్లూ పూర్తయ్యేసరికి మొదటి గోరు మళ్లీ పెరుగుతుంది. మా ఆయన ఒక చెక్కకు గరుకు కాగితం అంటించి ఇచ్చారు. దాన్ని ముందుకాళ్లతో గీకితే తాయిలం దొరుకుతుందని కాటుక తొందరగానే కనిపెట్టింది, ఇప్పుడు పిలవకుండానే వచ్చి గీకుతుంది. వెనక కాళ్లకు ఇంకా కత్తెరే.