ఇరవై ఇడ్లీల బాకీ

సంచికకు ఏదైనా రాయమని మన పూర్వ విద్యార్థుల సంఘం వారు మూడుసార్లు కబురు చేశారు. హాస్టలు గురించీ, బావి గురించీ, 1984 బ్యాచి ర్యాంకుల గురించీ రాసేవారు చాలామంది ఉన్నారు కనుక నేను గాబ్లిన్ అనే కామిక్సు విలన్ మీద వేసుకున్న పందెం గురించి మాత్రమే రాస్తాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఏం చదివానో నాకిప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు గాని, పదో తరగతిలో ఆ వారం రోజులు మాత్రం పీరియడ్లతో సహా గుర్తున్నాయి.

మన క్లాసు డబ్బా వాళ్ల బావగారు అమెరికా నుంచి తెచ్చిన అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ కామిక్సు 121, 122 సంచికలు మన చేతికి వచ్చేనాటికే పదేళ్ల పాతవి. 1973 నాటి ఆ కథలో గ్రీన్ గాబ్లిన్ (అసలు పేరు నార్మన్ ఆస్‌బర్న్) మొదటి సంచికలో స్పైడర్‌మ్యాన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీని వంతెన మీది నుంచి తోసేస్తాడు. రెండోదానిలో స్పైడర్‌మ్యాన్‌ను వెనుక నుంచి పొడవాలని తను ఎక్కి ఎగిరే గ్లైడరును దూరం నుంచే రప్పిస్తాడు; అతడు ఆఖరి క్షణంలో పక్కకు తప్పుకోవడంతో దాని ముక్కు తన రొమ్ములోనే దిగి చస్తాడు. స్టడీ అవరులో ఆ పుస్తకం నాలుగో బెంచీకి చేరేసరికి సైన్సు మాష్టారు పట్టుకున్నారు. చింపేస్తారనుకున్నాం. ఆయన రాత్రంతా చదివి, మర్నాడు వచ్చి, హాజరు కూడా వేయకుండా, నల్లబల్ల మీద “నార్మన్ ఆస్‌బర్న్ తిరిగి రాగలడా?” అని రాశారు.

వస్తాడన్నవాడు గుండు. రాడన్నవాణ్ణి నేను. పందెం ఇరవై ఇడ్లీలు, చట్నీతో.

గుండు వాదనకు ఆధారమేమీ లేదు. అంత మంచి విలన్‌ను ఎవరూ వదులుకోరన్నదే వాడి ధీమా. నేను మాత్రం మాష్టారు గీసిన గుండె బొమ్మనే పట్టుకుని వాదించాను. మనిషి ఒంట్లో ఉండే రక్తం సుమారు అయిదు లీటర్లనీ, రొమ్ములో దిగిన ఇనుము గుండెను చీలిస్తే నిమిషాల్లోనే అంతా అయిపోతుందనీ, ప్రాణవాయువు అందని మెదడు అయిదారు నిమిషాలకే పాడవడం మొదలవుతుందనీ ఆయన చెప్పినవన్నీ ఆయనకే ఒప్పజెప్పాను. నా పక్షానే తీర్పు చెబుతారని అందరమూ అనుకుంటుండగా మాష్టారు సుద్దముక్క కింద పెట్టి జరాసంధుడి కథ ఎత్తుకున్నారు. ఆయన ఎత్తుకుంటే గంట కొట్టినా ఆగరన్నది మీకు చెప్పనక్కరలేదు. భీముడు రెండుగా చీల్చినా జరాసంధుడు మళ్లీ అతుక్కుని లేస్తాడు. అయినా కథ వింటున్న పల్లెటూరి ముసలమ్మ కూడా “ఇదెక్కడి విడ్డూరం” అనదు, ఎందుకంటే పుట్టినప్పుడే రెండు ముక్కలుగా ఉన్నవాణ్ణి జర అనే రాక్షసి కలిపిందని ఆమె ముందే విని ఉంటుంది. చచ్చినవాడు లేవడం తప్పు కాదనీ, లేవడానికి కావలసిన సరుకు చావుకు ముందే కథలో ఉందా లేదా అన్నది చూడాలనీ ఆయన తేల్చి, పందేన్ని వాయిదా వేశారు. ఆ వాయిదా పన్నెండేళ్లు సాగింది.

నేను గుంటూరులో వైద్యం చదివి, ఇంట్లో అందరూ గుండె డాక్టరు కమ్మంటుంటే ఫోరెన్సిక్ మెడిసిన్‌లోకి వెళ్లడానికి కారణమేమిటని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు, గాబ్లిన్ పేరు చెప్పే ధైర్యం లేక ఏదో మర్యాదైన జవాబు చెప్పాను. ముప్పై ఏళ్లకు పైగా ఆ పనిలోనే ఉన్నాను. నా దగ్గర చదివినవాళ్లు ఇప్పుడు నాలుగు జిల్లాల్లో శవపరీక్షలు చేస్తున్నారు, నా నివేదికలు కోర్టులో నిలబడ్డాయి. ఇంతకంటే గొప్ప చెప్పుకోను.

1996 చివర, పీటర్ పార్కర్: స్పైడర్‌మ్యాన్ 75వ సంచికలో ఆస్‌బర్న్ తిరిగి వచ్చాడు. గుండు షికాగో నుంచి ఫోను చేసి, హలో కూడా అనకుండా “చట్నీ మరిచిపోకు” అన్నాడు.

వృత్తిరీత్యా ఆ కేసును పరిశీలించాను. అతనికి బలమూ ఉన్మాదమూ ఇచ్చిన ఆకుపచ్చ ద్రావకం సంగతి 1966లోనే, 40వ సంచికలో చెప్పారు. అదే గాయాన్ని కూడా మాన్పిందని ఇప్పుడన్నారు. మాన్పే గుణం గురించి ఆనాడు ఎవరూ అనకపోయినా సరుకు కథలోనే ఉంది కనుక జరాసంధ సూత్రం ప్రకారం దీన్ని ఒప్పుకోవచ్చు. మార్చురీ దగ్గరే నాకు అభ్యంతరం. అక్కడ మేల్కొని, తనంతే ఉన్న ఒక దిక్కులేనివాణ్ణి చంపి, తన స్థానంలో పెట్టి యూరప్ వెళ్లిపోయాడట. రొమ్ములో పోటుతో వచ్చిన శవాన్ని ఎవరో ఒకరు కోసి చూడాలి. ఆ కొత్త శవానికి అలాంటి పోటే, అదే చోట, బతికి ఉండగానే పడిందని తేలాలి. ఆపైన కొడుకు ముఖం చూసి గుర్తుపట్టాలి. మా మార్చురీ అటెండరు ఒక్కడు చాలు, ఆ నాటకం పొద్దుటికల్లా బయటపడడానికి.

అయినా నా అసలు అభ్యంతరం వైద్యానికి సంబంధించింది కాదు. 1974లో కొడుకు హ్యారీ తండ్రి కోసం పగబట్టి అదే వేషం వేసుకున్నాడు, 1993లో చచ్చిపోయాడు. తన పేరు పది మంది నోట లేకపోతే ఒక్క పూట ఉండలేని ఆస్‌బర్న్ అంతకాలమూ యూరప్‌లో దాక్కుని తెర వెనుక తంత్రాలు నడుపుతున్నాడంటే, గుండె అతుక్కుందన్నా నమ్ముతాను గాని ఇది నమ్మలేను. శరీరానికి కావలసిన సరుకు ముందే ఉంది. ఆ మౌనానికి కావలసిన సరుకు అతని స్వభావంలో ఎక్కడా లేదు. చావు తర్వాత కథను అతికించినవాళ్లు శవాన్ని చూశారు గాని మనిషిని చూడలేదని నా అభిప్రాయం.

అందువల్ల సంఘం వారికి నా విన్నపం ఏమిటంటే, మాష్టారు సభకు వస్తున్నారని తెలిసింది కనుక, సన్మానం అయ్యాక ఆయనకు పది నిమిషాలు కేటాయించి వాయిదా పడిన తీర్పు చెప్పించండి. పది ఇడ్లీలు మాత్రం గుండుకు ఇప్పుడే ఒప్పుకుంటున్నాను, శరీరం వరకు. మిగతా పదీ ఆయన చెప్పినట్లే. డబ్బా ఆ రెండు పుస్తకాలూ తీసుకురావాలి. నాలుగో బెంచీలో చిరిగిన అట్టకు నేను బాధ్యుణ్ణి కానని కూడా అక్కడే రుజువు చేస్తాను.