డుంబ్రిగూడ దాటాక వదిలేసిన గేర్

విశాఖలో తెల్లవారుజామున ఐదున్నరకి బైకు మీద బయలుదేరాం. వెనక సీట్లో మా బావమరిది, రెండు పక్కలా సంచులు, వాటి పైన టెంటు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా మొదటిరోజు అరకు. మర్నాడు పాడేరు, చింతపల్లి, లంబసింగి. అక్కడి నుంచి నర్సీపట్నం దిగి ఇంటికి. డిసెంబరు చలిలో ఈ చుట్టు తిరగాలని మూడేళ్లుగా అనుకుంటున్నాను.

శృంగవరపుకోటలో ఇడ్లీ తిని బండెక్కినప్పుడే ఎడమ కాలికి ఏదో తేడా తగిలింది. మొదటి గేర్ పడడానికి పెడల్‌ని రోజూకంటే ఎక్కువ లోతుకి నొక్కాల్సి వచ్చింది. కొత్త బూట్లు కదా, దానివల్లేమో అనుకుని ముందుకి పోనిచ్చాను. తప్పు చేశాను. పెడల్‌కి ఎంత ఆట, అంటే ఎంత వదులు, ఉండాలో రోజూ నడిపేవాడి పాదానికి బాగా తెలుసు. అది చెప్పిన చోటే బండి ఆపి చూడాల్సింది.

అనంతగిరి ఘాట్‌లో మలుపు మలుపుకీ రెండు, మూడు గేర్ల మధ్య మారుస్తూనే ఉండాలి. పొడవాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో ఎర్రగా పండిన కాఫీ కాయలు. మా వాడు ఫోటోల కోసం ప్రతి మలుపులోనూ ఆపమన్నాడు. ఆపినప్పుడల్లా న్యూట్రల్ దొరకడానికి రెండు మూడుసార్లు తడుముకోవాల్సి వచ్చింది.

అసలు భయం గాలికొండ దాటాక దిగుడులో పట్టుకుంది. మలుపు ముందు మూడు నుంచి రెండుకి దించాను. రెండు పడిందనుకుని క్లచ్ వదిలితే ఇంజిన్ పట్టు లేదు, బండి జోరందుకుంది. రెండు గేర్ల మధ్య ఖాళీలో పడిపోయింది. ఇద్దరి బరువు, సామాను బరువు, అంతా బ్రేకుల మీదకే వచ్చింది. రెండు బ్రేకులూ కలిపి పట్టి, మళ్ళీ గట్టిగా నొక్కితే టక్కుమని రెండు పడింది.

"ఏమైంది బావా?"

"గేర్ పడలేదురా. గట్టిగా కూర్చో."

అరకు చేరేసరికి చీకటి పడింది. టార్చి వెలుగులో చూస్తే పెడల్ దగ్గరి బోల్టు పది నంబర్ పానాకి అర చుట్టు తిరిగింది. అదే సమస్య, తీరిపోయింది అనుకుని బొంగు చికెన్ తిని పడుకున్నాం.

మర్నాడు డుంబ్రిగూడ దాటి హుకుంపేట వైపు కొంత దూరం వెళ్లామో లేదో, పెడల్ ఒక్కసారిగా వేలాడిపోయింది. పైకెత్తినా, కిందికి నొక్కినా లోపల ఏమీ కదలడం లేదు. బండి మూడో గేర్‌లో ఉండిపోయింది. అటూ ఇటూ వలిసెల చేను. పూత చివరిదశలో ఉంది, అక్కడక్కడా పసుపు మిగిలింది. రోడ్డు వార చదునైన చోట సెంటర్ స్టాండ్ వేశాను.

మోకాళ్ల మీద కూర్చుని చూస్తే అప్పుడు అర్థమైంది. నా బండిలో పెడల్ నేరుగా గేర్ షాఫ్టుకి, అంటే గేర్లు మార్చడానికి ఇంజిన్‌లోంచి బయటికొచ్చే కడ్డీకి, ఉండదు. పెడల్ నుంచి ఒక సన్నని లింక్ రాడ్ వెళుతుంది. దాని రెండు చివర్లా అటూ ఇటూ తిరిగే గుండ్రటి కీళ్లు, బాల్ జాయింట్లు, ఉంటాయి. అవతలి చివర చిన్న ఇనుప చెయ్యి ఒకటి ఉంటుంది, అది గేర్ షాఫ్టు మీది సన్నటి పళ్లను పట్టుకుని ఉంటుంది. ఆ చేతిని బిగించే బోల్టు లూజైంది. రాడ్ తిరిగిపోకుండా బిగించి ఉంచే చెక్ నట్లు రెండూ వదులుగానే ఉన్నాయి. నేను రాత్రి బిగించింది వీటిలో ఏదీ కాదు. ఒక్కోచోట కొంచెం కొంచెం ఆట, అన్నీ కలిసి పాదం దగ్గరికొచ్చేసరికి చాలా అయిపోయింది. వదులుగా ఉన్న చేతిని అంత దూరం తొక్కుతూ వచ్చాను కాబట్టి దాని లోపలి పళ్లు సగం అరిగిపోయాయి. షాఫ్టు పళ్లు మాత్రం బాగున్నాయి. అది చూశాక ప్రాణం లేచొచ్చింది. షాఫ్టు పోతే ఇంజిన్ విప్పాలి, చెయ్యి పోతే కొత్తది కొనుక్కుంటే చాలు.

చెయ్యి ఊడదీద్దామంటే రావడం లేదు. గట్టిగా లాగబోతుంటే, హుకుంపేట వైపు మోపెడ్ మీద వెళుతున్న పెద్దాయన ఒకరు ఆగారు. చేతులకి గ్రీజు మరకలు, సీటు వెనక పానాల సంచి.

"ఏటైంది బాబూ?"

చెప్పాను. ఆయన వంగి చూసి, "బోల్టు మొత్తం తీసెయ్యి. సగం తీసి లాగితే రాదు, షాఫ్టుకి గాడి ఉంటాది" అన్నారు. నిజమే. ఆ బోల్టు షాఫ్టు మీది గాడిలోంచి వెళుతుంది, చెయ్యి జారి పడిపోకుండా అదే ఆపుతుంది. బోల్టు పూర్తిగా తీశాక చెయ్యి ఇట్టే వచ్చేసింది.

పెట్రోలు తడిపిన గుడ్డతో పళ్లు తుడిచాం. అరిగిన పళ్లు పట్టు నిలవడానికి ఏదైనా పల్చటి రేకు కావాలన్నారాయన. మా వాడి సంచిలో ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా ఉంది. కత్తెరతో వేలెడు ముక్క కోసి షాఫ్టు చుట్టూ చుట్టి, దాని మీద చెయ్యి ఎక్కించాం. పెడల్ పాత ఎత్తులోకి వచ్చేలా చూసుకుని, గాడికి ఎదురుగా బోల్టు దూర్చి బిగించాను. ఆరు మిల్లీమీటర్ల బోల్టు అది. కొద్దిపాటి బిగువు, పది న్యూటన్ మీటర్ల దగ్గర, చాలు. కోపంగా బిగిస్తే మర పోతుంది. "చెయ్యి చాలు, ఒళ్లు ఆనించీకు" అని ఆయన పక్కనే కూర్చుని చెప్పారు.

తర్వాత చెక్ నట్లు. వెనక నట్టు చక్కగా బిగుసుకుంది. ముందుది ఎంత తిప్పినా ఇంకా వదులవుతోంది. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. "అది ఎడమ మర బాబూ, ఇటు తిప్పాల." రాడ్ ఒక చివర మామూలు మర, రెండో చివర ఎడమ మర, అంటే ఎదురు దిక్కుకి తిప్పితే బిగుసుకునేది. అందుకే జాయింట్లు ఊడదీయకుండా రాడ్ ఒక్కదాన్నే తిప్పినా పొడవు మారుతుంది, పెడల్ పైకీ కిందికీ జరుగుతుంది. పన్నెండేళ్లుగా బండి నడుపుతున్నాను, ఈ సంగతి ఆ చేను పక్కన తెలిసింది.

చివర్లో ఆయన సంచిలోంచి తెల్లరంగు సీసా తీసి, బోల్టు తల మీంచి ఇనుము మీదికి ఒక సన్నటి గీత గీశారు. చెక్ నట్ల మీద కూడా. గీత విరిగినట్టు కనిపిస్తే బోల్టు తిరిగినట్టే. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "గురువుగారూ, కనీసం టీ అయినా" అంటే హుకుంపేటలో తాగుదామన్నారు. ముగ్గురం తాగాం. ఆయనకి ఆ రోజు సంతలో పని ఉందట, ఎక్కువ మాట్లాడకుండానే వెళ్లిపోయారు.

పాడేరులో ఒకసారి, జి.మాడుగుల దాటాక ఒకసారి, చింతపల్లిలో ఒకసారి ఆగి గీతలు చూశాను. కదల్లేదు. లంబసింగిలో రాత్రి టెంటు మీద మంచు నీళ్లై కారింది, తెల్లారి లేచేసరికి రోడ్డు అవతలి చెట్లు కూడా కనపడలేదు. స్థానికులు ఈ ఊరిని కొర్రబయలు అంటారు. బయట నిలబడిన మనిషి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరట. వేళ్లకి స్పర్శ లేదు, అయినా ముందు బండి దగ్గరికే వెళ్లి టార్చి వేసి చూశాను.

మంచు విడిచాక నర్సీపట్నం ఘాట్ దిగాం. నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు, ప్రతిసారీ ఒకే లోతులో టక్ టక్ మని పడ్డాయి. కింద మొదటి టీ కొట్టు దగ్గర ఆపి వంగి చూశాను. తెల్లగీత మీద దుమ్ము పేరుకుంది. బొటనవేలితో తుడిస్తే కింద గీత తిన్నగానే ఉంది.