తాడితోపు గబ్బిలాలు: పిల్లల కాలంలో మేత ఎక్కడ?

ఉలవపాడు నుంచి రామాయపట్నం వైపు వెళ్ళే దారిలోని తాడితోపులో పొట్టిముక్కు గబ్బిలాల మేత వివరాలు రాసుకుంటున్నాను. ఇవి ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి-మార్చిలో ఒకసారి, జూన్-జులైలో ఇంకోసారి పిల్లల్ని పెడతాయి. ఒక కాన్పుకి ఒకటే పిల్ల. మొదటి కాన్పు పూర్తయింది కాబట్టి ఇప్పటిదాకా తేలింది రాస్తున్నాను.

పద్ధతి తేలికే. పాత యూరియా సంచులు విప్పి, కలిపి కుట్టి, బాగా కడిగి పట్టాలు చేశాను. ఒకటి తోపు అంచున బాదం చెట్టు కింద, ఒకటి కిలోమీటరు అవతల సపోటా తోటలో. ఈ గబ్బిలం పండుని కాసిన చోటే తినదు. కోసుకుని దగ్గర్లోని ఇంకో కొమ్మకి పోయి, రసం పీల్చి పిప్పి ఉమ్మేస్తుంది. అందుకే పట్టాని కాయలున్న కొమ్మ కింద కాకుండా, పిప్పి రాలిన జాడ చూసి పరవాలి. పొద్దున్నే, చీమలు పట్టకముందే వెళ్ళాలి. చేతికి గ్లౌజులు, ముఖానికి మాస్కు తప్పనిసరి. రాత్రి చూడాలంటే టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోవాలి.

ఆగస్టులో బాదం కింద పట్టా దాదాపు ఖాళీ. మేతంతా దూరంగానే. మార్చికి తిరగబడింది. సపోటా తోట నిండా పండ్లున్నా తోపు అంచునే పిప్పి ఎక్కువగా పడింది. నా అంచనా ప్రకారం కారణం బరువు. పుట్టిన పిల్ల తల్లి బరువులో దాదాపు పావు వంతు ఉంటుంది. మొదటి రోజుల్లో దాన్ని పొట్టకి కరిపించుకునే తల్లి ఎగరాలి. కాస్త పెరిగాక గూట్లో వదిలి వెళ్తుంది కానీ, పాలివ్వడానికి రాత్రి మధ్యలో తిరిగి రావాలి. అలాంటప్పుడు దూరం పోతే గిట్టుబాటు కాదు. మగది కూడా తన ఆడవాటినీ చోటునీ కాపాడుకోవాలి కాబట్టి తోపు వదిలి ఎక్కువసేపు ఉండదు.

మార్చిలో ఆకుపచ్చ ముద్దలు కూడా దొరికాయి, ఆకు నమిలి ఉమ్మినవి. పండ్లలో మాంసకృత్తులు తక్కువ. పాలిచ్చే తల్లికి ఆ లోటు తీర్చేది ఆకే కావచ్చు. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా ఉన్నది ఇదే.

సపోటా తోట పెద్దాయన, "ఈసారి నా కాయలు మిగిలినట్టున్నాయే అబ్బాయా" అన్నాడు. వదులుగా వేలాడే నైలాన్ వల కడితే గబ్బిలాలు చిక్కుకుని చచ్చిపోతాయని, కట్టక తప్పకపోతే సన్న కన్ను వలని బిగుతుగా లాగి కట్టమని చెప్పాను. సరేనన్నాడు.

అసలు బెంగ తాటికమ్మలది. ఇవి ఉండేది ఎండి కిందికి వాలిన కమ్మల మధ్యే. కల్లు గీతకి ముందు చెట్టు శుభ్రం చేస్తే పిల్లలతో సహా చోటు పోతుంది. గీసే అన్నని అడిగితే, గీయని చెట్ల కమ్మల జోలికి పోనన్నాడు. ఆ చెట్లకి సున్నంతో గుర్తు పెట్టాను.

జూన్ కాన్పుకి తోపుకీ తోటకీ మధ్యనున్న వేప చెట్టు కింద మూడో పట్టా వేస్తాను. అప్పటికి వేపపండ్లు రాలుతుంటాయి, కాబట్టి పిప్పినీ రాలిన పండ్లనీ విడివిడిగా ఏరుకోవాలి.