నాలుగో గంప

ఏప్రిల్ మొదటి వారం, సిరొంచ (మహారాష్ట్ర)

పొద్దున ఐదింటికి బయల్దేరినా ఆలస్యమే అయింది. మేం వెళ్లేసరికి అవ్వ సగం పువ్వు ఏరేసింది. రాత్రి రాలిన ఇప్పపువ్వును పశువులు తినకముందే ఏరుకోవాలి. పువ్వు కనపడాలని చాలామంది చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు, అది అడవికి అంటుకుంటుంది. ఈ అవ్వ మాత్రం చీపురుతో ఊడుస్తుంది. నాకది చాలా నచ్చింది.

అడవి రాబడికి విలువ కట్టే మా సర్వే ఫారం మరాఠీలో ఉంది, మాటలేమో తెలుగులో. ప్రాణహిత ఒడ్డున మాకిది రోజూ ఉండేదే.

"ఎంత అమ్ముతవు అవ్వా?"

"నాలుగు గంపలల్ల మూడు అమ్ముత బిడ్డా. ఒకటి ఇంట్లకుంచుకుంట, వానకాలం కావాలె గద."

ఫారంలో అమ్మినదానికే గడి ఉంది. నాలుగో గంపను పక్కన ఖాళీలో రాశాను. 2006 అటవీ హక్కుల చట్టం ఈ పువ్వు మీద అడవిని నమ్ముకుని బతికేవాళ్లకు యాజమాన్యం ఇచ్చింది. ఇంట్లో తిన్న పువ్వు మాత్రం మా లెక్కలో సున్నా.

తిరిగొస్తుంటే దారి పక్కన ముళ్లకంప కట్టిన చిన్న ఇప్ప మొక్క చూపించింది. కాపుకు రావడానికి పదేళ్లు పడుతుంది. "నా మనుమరాలు ఏరుకుంటది" అంది.

సాయంత్రం గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా ఆ మొక్కే గుర్తొచ్చింది. అడవి భూమిని గనికో రోడ్డుకో ఇస్తే హెక్టారుకు ఇంత అని నికర వర్తమాన విలువ, అంటే ఆ అడవి ముందుముందు ఇచ్చే ప్రయోజనాలకు ఇవాళ్టి విలువ, కట్టించుకుంటారు. 2008లో సుప్రీంకోర్టు ఖరారు చేసిన రేట్లు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా ఉండేవి, 2022లో అవి 9.57 నుంచి 15.95 లక్షలయ్యాయి. ఇలాంటి విలువ కట్టేటప్పుడు మేం ఎంచుకునే డిస్కౌంట్ రేటు (రేపటి డబ్బు విలువను ఏడాదికి ఎంత శాతం చొప్పున తగ్గించి చూడాలో చెప్పే అంకె) దగ్గరే నాకు ఎప్పుడూ టెన్షన్. 30 ఏళ్ల తర్వాత వచ్చే 100 రూపాయలు 5 శాతం రేటుకు ఇవాళ 23 రూపాయలు, 10 శాతం రేటుకు 6 కూడా కావు. అంటే ఒక గడిలో అంకె మారిస్తే ఆ మనవరాలి గంపలో పువ్వు నాలుగోవంతుకు పడిపోతుంది. ఏ రేటు వాడామో రిపోర్టులో ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో పెట్టడం తప్పని నా గట్టి నమ్మకం. ఈసారి రెండు రేట్ల పట్టికలూ మొదటి పేజీలోనే పెడతాను.

ఫారంలో 'ఇంటికి ఉంచుకున్నది' అని కొత్త గడి గీశాను, బజారు ధరకే విలువ కడదామని. రేపు నాలుగింటికే లేవాలి. త్రాసు సంచిలో పెట్టేశాను, ఆ నాలుగో గంప తూయాలి.