అమ్మ బీరువాలోని కాగితం

మా వార్డులో పొద్దున ఏడున్నరకి హ్యాండోవర్. రాత్రి డ్యూటీ నర్సు ఒక్కో పేషెంట్ గురించి అర నిమిషంలో చెప్పేసి వెళ్లిపోతుంది. నేను ఇంగ్లండ్ వచ్చి ఈ ఎముకల వార్డులో చేరి అప్పటికి రెండో వారం. "నాలుగో బెడ్, 82 ఏళ్లు, హెమీ అయి రెండో రోజు, ఓటీ కోసం వెయిటింగ్" అని చెప్పింది ఆవిడ.

హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు నర్సుగా పనిచేసి వచ్చినదాన్ని. ఓటీ అంటే నాకు తెలిసింది ఒకటే, ఆపరేషన్ థియేటర్. తుంటికి మళ్లీ ఏదో చేయాల్సి వచ్చిందేమో అనుకుని ఆ పెద్దావిడకి టిఫిన్ ఆపించాను. టీ కూడా ఇవ్వనివ్వలేదు. అరగంట తర్వాత వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్ వచ్చి ట్రే ఎందుకు తీసేశారని అడిగితే అసలు సంగతి తెలిసింది. ఇక్కడ ఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఇంటికి వెళ్లాక పేషెంట్ మంచం ఎలా దిగుతుంది, బాత్రూమ్‌కి ఎలా వెళ్తుంది, కెటిల్ ఎత్తగలదా, ఇవన్నీ చూసి సర్దుబాట్లు చెప్పే మనిషి. ఆపరేషన్ గదిని వీళ్లు థియేటర్ అనే అంటారు. ఆ పెద్దావిడ నన్ను ఒక్క మాట అనలేదు. "ఇప్పుడు టీ తాగొచ్చా?" అని మాత్రం మెల్లగా అడిగింది. హ్యాండోవర్‌లో నేను ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఆవిడకి ఆ అవస్థ ఉండేది కాదు. ఆ రోజు నుంచి నా జేబులో చిన్న నోట్‌బుక్ ఉంటుంది.

అందులో మొదటి పేజీలన్నీ ఇలాంటివే. నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దనడానికి మన దగ్గర ఎన్‌పీఓ అంటాం, ఇక్కడ ఎన్‌బీఎం. నొప్పి ఉంటేనే వేసుకోమనే మాత్రకి మన డాక్టర్లు ఎస్ఓఎస్ అని రాస్తారు, ఇక్కడ పీఆర్‌ఎన్. చదువు రాని వాళ్లకి కూడా అర్థమయ్యే మన 1-0-1 ఇక్కడ ఎవరూ రాయరు. మందుల చార్టులో బీడీ అని ఉంటుంది, పేషెంట్ చేతికిచ్చే డబ్బా మీద మాత్రం రోజుకి రెండుసార్లు ఒక మాత్ర అని పూర్తిగా రాసి ఉంటుంది. ఎముక విరిగితే హ్యాష్ గుర్తు. హ్యాష్ పక్కన ఎన్‌ఓఎఫ్ అని ఉంటే తొడ ఎముక మెడ దగ్గర విరిగిందని. పేషెంట్ పోతే మన దగ్గర ఎక్స్‌పైర్డ్ అని రాయడం అలవాటు. ఇక్కడ అలా రాయొద్దు, చనిపోయారు అనే రాయాలి అని సిస్టర్ చెప్పింది. గడువు తీరిన మందుకి వాడే మాట అది. ఇన్నేళ్లూ ఎంతమంది పేర్ల పక్కన నేను ఆ మాట రాశానో తలుచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆపరేషన్ల పేర్లు మాత్రం చాలావరకు రెండు దేశాల్లోనూ ఒకటే. వాటిని బట్టీ పట్టి లాభం లేదు. హైస్కూల్లో మా తెలుగు మాస్టారు బోర్డు దగ్గరికి పిలిచి సంధులు విడదీయించేవారు. నాకు పనికొచ్చింది ఆ పద్ధతే. మాట చివర ఎక్టమీ ఉంటే తీసేశారని. ఆటమీ ఉంటే కోశారని మాత్రమే. ఆస్టమీ ఉంటే ఒక ద్వారం పెట్టారని. ప్లాస్టీ ఉంటే సరిచేసి మళ్లీ తీర్చారని. కొలెక్టమీలో పెద్దపేగు కొంత గానీ మొత్తం గానీ తీసేస్తారు. కొలాస్టమీలో పేగుని పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలిస్తారు. వినడానికి దాదాపు ఒకేలా ఉంటాయి. ఇంటికి వెళ్లాక ఆ మనిషి రోజు గడిచే తీరు మాత్రం పూర్తిగా వేరు. ఆర్థ్రో అంటే కీలు, హెమీ అంటే సగం. హెమీ ఆర్థ్రోప్లాస్టీ అంటే తుంటి కీలులో బంతి భాగాన్ని మార్చి గిన్నె భాగాన్ని అలాగే ఉంచడం. నాలుగో బెడ్ పెద్దావిడకి చేసింది అదే.

పెద్ద మాటల కంటే తేలిగ్గా కనిపించే మాటలే ఎక్కువ భయపెడతాయని ఇంటి నుంచి వచ్చే వాట్సాప్ ఫోటోల వల్ల తెలిసింది. మా చుట్టాల్లో ఎవరికి స్కానింగ్ అయినా రిపోర్ట్ నా ఫోన్‌కి వస్తుంది. మా బాబాయి ఒకసారి గ్రాస్లీ నార్మల్ అన్న మాట చూసి, ఏదో ఘోరంగా ఉందనుకుని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కంటితో చూసినంతలో మామూలుగానే ఉంది అని దాని అర్థం. అన్‌రిమార్కబుల్ అంటే చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని, అది మంచి మాట. డినైస్ చెస్ట్ పెయిన్ అని ఉంటే పేషెంట్ దేన్నో దాచాడని కాదు, ఛాతీ నొప్పి లేదని చెప్పాడు, అంతే. క్రానిక్ అంటే ముదిరిందని చాలామంది అనుకుంటారు. ఎక్కువ కాలంగా ఉన్నదని అర్థం, తీవ్రత సంగతి ఆ మాటలో లేదు. ఎక్యూట్ అంటే ఉన్నట్టుండి మొదలైనది. జబ్బు పేరు ముందు ప్రశ్న గుర్తు ఉంటే అది అనుమానమే, ఇంకా తేలలేదు. ఆ చిన్న గుర్తుని గమనించక ఇళ్లలో ఎంత ఏడుపో.

ఇక్కడి డాక్టర్లకి 2018లో వాళ్ల రాయల్ కాలేజీలన్నీ కలిసిన సంఘం ఒక సూచన ఇచ్చింది. క్లినిక్‌లో చూశాక రాసే ఉత్తరాన్ని ఇంకో డాక్టర్ పేరు మీద కాకుండా నేరుగా పేషెంట్‌కే, వాళ్లకి అర్థమయ్యే మాటల్లో రాయమని. అందరూ పాటించడం లేదు. పాటించిన ఉత్తరం చేతిలో పట్టుకుని వచ్చిన పేషెంట్‌కీ, పాటించని ఉత్తరంతో వచ్చిన పేషెంట్‌కీ మాట్లాడే ధైర్యంలో ఎంత తేడా ఉంటుందో నేను రోజూ చూస్తున్నాను.

తుంటి విరిగి వచ్చిన ఆడవాళ్లందరినీ మేం అడిగే ప్రశ్న ఒకటుంది. నెలసరి ఎన్నో ఏట ఆగిపోయింది? 45 ఏళ్లలోపే ఆగిపోతే ఎముకలు తొందరగా గుల్లబారే ప్రమాదం ఉంటుంది. అండాశయాలు తీసేస్తే ఆ రోజుతోనే ఆగిపోయినట్టు. ఈ ప్రశ్న ఎన్ని వందల మందిని అడిగానో లెక్కలేదు. పోయిన శీతాకాలం ఒక రాత్రి, నడుము నొప్పితో వంగలేకపోతున్నానని అమ్మ ఫోన్‌లో చెబుతుంటే, ఆ ప్రశ్న అమ్మని ఒక్కసారీ అడగలేదని తట్టింది.

అమ్మకి 1999లో గర్భసంచి ఆపరేషన్ అయింది. అప్పుడు ఆమెకి 34, నాకు తొమ్మిది. నన్ను తణుకు దగ్గర అమ్మమ్మ వాళ్లింట్లో వదిలి వెళ్లారు. మా ఇంట్లో దాన్ని సంచి ఆపరేషన్ అనే అనేవాళ్లు. నర్సింగ్ చదివి కూడా నేను దాన్ని ఆ పేరుతోనే వదిలేశాను.

"అమ్మా, నీకు సంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా?"

"ఏమోనే చిన్నీ. నెలకి రెండుసార్లు బయట చేరేదాన్ని. సంచి పాడైపోయింది, ఉంచితే క్యాన్సర్ అవుద్దన్నారు. మీ నాన్న సంతకం పెట్టారు. లోపల ఏం తీశారో నాకేం తెలుసు?"

బీరువాలో పొలం పాస్‌బుక్ పెట్టిన కవర్‌లోనే ఆ డిశ్చార్జ్ కార్డు ఉంది. నాన్న ఫోటో తీసి పంపారు. చేతిరాత, మూడు వరుసలు. జబ్బు దగ్గర డీయూబీ. ఆపరేషన్ దగ్గర టీఏహెచ్, ప్లస్ గుర్తు, బీఎస్ఓ. కింద అన్‌ఈవెంట్‌ఫుల్, అంటే తర్వాత ఇబ్బందులేమీ రాలేదని.

టీఏహెచ్ అంటే పొట్ట కోసి గర్భసంచిని దాని మెడతో సహా తీసేయడం. అందులో టోటల్ అనే మాట ఉంది. టోటల్ అంటే లోపలివన్నీ తీసేశారని అనుకుంటారు. అండాశయాల సంగతి ఆ మాటలో ఉండదు. అది తెలియాలంటే ప్లస్ గుర్తు తర్వాత ఏముందో చూడాలి. బీఎస్ఓ. బైలేటరల్ అంటే రెండు వైపులా. సాల్పింగో అంటే గొట్టం. ఊఫోర్ అంటే అండాశయం. చివర ఎక్టమీ. సంధి విడదీస్తే దాచిందేమీ లేదు, అంతా ఆ మూడు అక్షరాల్లోనే ఉంది. ఇక డీయూబీ. గడ్డ లాంటి కారణమేదీ కనిపించకుండా రక్తస్రావం ఎక్కువగా అవుతుంటే అప్పట్లో రాసే పేరు అది. ఆ పేరు ఇప్పుడు వాడొద్దంటున్నారు. కార్డు మీద క్యాన్సర్ అన్న మాట గానీ, దాని అనుమానం గానీ ఎక్కడా లేదు.

పాతికేళ్ల కిందటి డాక్టర్ నిర్ణయం తప్పా ఒప్పా అని ఇంత దూరం నుంచి మూడు వరుసలు చూసి నేను చెప్పలేను. కానీ రెండు అండాశయాలు పోయాయని 34 ఏళ్ల మనిషికి చెప్పి తీరాలి. చెప్పి ఉంటే హార్మోన్ మాత్రల గురించి అడిగేది. ఇక్కడైతే అంత చిన్న వయసులో తీసేసినవాళ్లకి, వేరే అడ్డంకి లేకపోతే, 51 ఏళ్లు వచ్చేదాకా ఇమ్మంటారు. చెమటలు పట్టి రాత్రిళ్లు అమ్మ వాకిట్లో కూర్చోవడం నాకు గుర్తుంది. వేడి చేసిందని మజ్జిగ తాగేది.

మా వైపు ఇది ఒక్క ఇంటి కథ కూడా కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7.

పూర్తి ఆపరేషన్ నోట్ దొరుకుతుందేమోనని నాన్నని పంపాను. ఆ నర్సింగ్ హోమ్ మూతపడి చాలా ఏళ్లయిందట. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డు మూడేళ్లు దాచాలి, పేషెంట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్లు దాటాక అడిగితే దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే ఇప్పుడు మా ఇళ్లలో ఎవరికి ఆపరేషన్ జరిగినా డిశ్చార్జ్ రోజునే ఆపరేషన్ నోట్, తీసిన భాగానికి బయాప్సీ రిపోర్ట్ రెండూ తెచ్చుకోమని పోరుతున్నాను. లోపల ఏం కనిపించింది, ఏం తీశారు, ఏం పెట్టారు, అనుకోకుండా ఏదైనా అదనంగా చేశారా అన్నవి ఉండేది ఆపరేషన్ నోట్‌లోనే. డిశ్చార్జ్ కార్డు మీద అన్నీ పట్టవు.

అమ్మకి విజయవాడలో ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయించాం. అందులో వచ్చే టీ స్కోరు మైనస్ 2.5 గానీ, అంతకంటే కిందికి గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు. వెన్ను దగ్గర అమ్మది మైనస్ 3.1. ఎముకలకి మందు మొదలుపెట్టారు, కాల్షియం, విటమిన్ డి కూడా.

ఆ ఆదివారం నేను కార్డులోని మూడు వరుసలనీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఫోటో పంపాను. అమ్మ అద్దాలు పెట్టుకుని వీడియో కాల్‌లో పైకి చదివింది. "నా గర్భసంచి, దాని మెడ, రెండు గొట్టాలు, రెండు అండాశయాలు." కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ పెద్దమ్మకి కూడా అక్కడే చేశారు చిన్నీ. ఆవిడ కార్డు కూడా చూస్తావా?" అని అడిగింది.

రాత్రి డ్యూటీలో బ్రేక్‌కి కూర్చుని ఫోన్ తీస్తే మూడు ఫోటోలు వచ్చి ఉన్నాయి. ఒకటి పెద్దమ్మది. మిగతా రెండూ వీధిలో వాళ్లవి.